ఖాళీ గిన్నె పంపని మస్తానయ్య

మస్తానయ్య మనిషి పొట్టి, మాట పొడుగు. తడలో మా సామాన్లు సర్దే కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా పెట్టెలు కడుతున్నాడు. అంతకుముందు దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ల పల్లెలో చేపలు పట్టేవాడు. వల వదిలేశాడు గానీ వల ముడి వదల్లేదు. అట్టపెట్టెకి టేపు వేస్తే చాలని కంపెనీ వాళ్లు చెప్పినా వినడు. టేపు మీద నైలాన్ తాడు చుట్టి, నాలుగు మూలలా వల ముళ్లు వేస్తేనే అతనికి తృప్తి.

ఏ ఇంటికి వెళ్లినా ముందుగా ఇంటివాళ్లకి ఒక మాట చెబుతాడు.

"నేను కట్టిన పెట్టెని దారిలో ఎవడూ విప్పిందే లేదమ్మా. ఈ పద్దెనిమిదేళ్లలో ఒక్కటంటే ఒక్కటి లేదు."

ఎవరూ విప్పలేదన్నది నిజమే. ఎవరివల్లా కాలేదన్నది కూడా నిజమే. పూనా వెళ్లిన ఒకాయన కూరగాయల కత్తితో తాడు కోస్తూ, చెమటలు కక్కుతూ దిగిన ఫొటో ఒకటి మాకు పంపాడు. మస్తానయ్య దాన్ని మెచ్చుకోలు అనుకుని ఫోన్లో దాచుకున్నాడు.

నా పని జాబితా రాయడం. ఎన్నో నంబరు పెట్టెలో ఏముందో చూసి, రెండు ప్రతులు రాసి సంతకాలు తీసుకుంటాను. కాబట్టి ఏ పెట్టెలో ఏముందో నాకు తెలుసని నేనూ చాలా ఏళ్లుగా నమ్ముతూ వచ్చాను.

ఆ నమ్మకం షాహిదాబీ గారింట్లో పోయింది.

షాహిదాబీ ముప్పై ఏళ్లుగా తడలో సగం ఊరికి జాకెట్లు కుట్టిన మనిషి. కొడుకు అజారుద్దీన్ ఇక్కడి పారిశ్రామికవాడలో ఇంజనీరుగా చేసి, ఆస్ట్రేలియాలో ఉద్యోగం రావడంతో ఇల్లు చూడటానికి రెండు నెలల ముందే వెళ్లాడు. కోడలు ఫర్జానా, షాహిదాబీ మరుసటి వారం విమానం ఎక్కాలి. సామాను మాత్రం ముందుగా ఓడలో పోవాలి. మొత్తం ముప్పై ఎనిమిది పెట్టెలు. కుట్టుమిషను లేకుండా ఎక్కడికీ కదలనని షాహిదాబీ అనడంతో అదీ వెళ్తోంది.

ఆ దేశం వాళ్ల నియమాలు చాలా గట్టివి. బయటి గింజ, మట్టి, పురుగు ఏదీ వాళ్ల గడ్డ మీద పడకూడదు. ఫర్జానా ఆ నియమాలన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. చెప్పుల అడుగులు టూత్ బ్రష్షుతో తోమింది. చీపురు పక్కింటావిడకి ఇచ్చేసింది. మా కంపెనీలోనే పనిచేసే స్వర్ణ గిన్నెలు కడిగి తుడిచి ఇస్తుంటే, ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసింది.

"గిన్నెలు చూస్తా ఉండారా, పెళ్లికొడుకుని చూస్తా ఉండారామ్మా?" అంది స్వర్ణ.

రెండో రోజు మధ్యాహ్నం రెండున్నరకి పని అయిపోయింది. నాలుగింటికి లారీ వస్తుంది, పెట్టెలు ఎక్కించి సీలు వేస్తారు, తెల్లారేసరికి సామాను రేవులో ఉంటుంది. ఓడ తప్పిపోతే మళ్లీ ఓడలో చోటు ఎప్పుడో తెలియదు. షాహిదాబీ అందరికీ టీ ఇచ్చింది. ఫర్జానా సంతకం పెట్టాల్సిన ఆఖరి కాగితం తీశాను. ఇంగ్లీషులో ఉంది, పెద్దావిడ కోసం తెలుగులో చదివాను.

"ఈ పెట్టెల్లో తినే పదార్థం, ధాన్యం, గింజ, విత్తనం, మట్టి ఏదీ లేదని నా బాధ్యత మీద చెబుతున్నాను."

మస్తానయ్య చేతిలో టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"సారూ, గింజ అంటే ఎంత గింజ?"

"గింజ అంటే గింజే. ఎంతేంది?"

"అంటే, బస్తా లెక్కనా, గుప్పెడు లెక్కనా?"

"ఒక్క గింజ దొరికినా చాలంట మస్తానయ్యా. పెట్టెలన్నీ పక్కన పెట్టి, విప్పి వెతుకుతారు. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. సంతకం పెట్టిన మనిషి జవాబు చెప్పుకోవాల."

"విప్పేది ఎవరు?"

"ఆడుండే ఆఫీసర్లు."

"నేను కట్టిన పెట్టెనా?"

"ముడి విప్పుతా కూర్చుంటారా? కత్తి పెట్టి కోసేస్తారు."

అతను గ్లాసు కిటికీలో పెట్టి వరండాలోకి వెళ్లాడు. ఫర్జానా పెన్ను మూత తీసింది. మస్తానయ్య నోరు మూసుకుంటే ఆ పూటకి పద్దెనిమిదేళ్ల పేరు నిలుస్తుంది. నోరు తెరిస్తే ఇప్పుడే పోతుంది. వరండాలో అతను అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేయడం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. బీడీ కోసమేమో అనుకున్నాను.

"అమ్మా, సంతకం పెట్టబాకండి!"

గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న గుడ్డ సంచి. అందులో చిటికెడు పసుపు కలిపిన బియ్యం. సంచి అడుగున కొంచెమే మిగిలింది.

"ఇదేంది?" అంది ఫర్జానా.

"మా ఆడమనిషి పోలేరమ్మ రోజూ ఇచ్చి పంపుతాదమ్మా."

"తినడానికా?"

"కాదమ్మా. పెట్టడానికి."

అప్పుడు బయటపడింది. సరస్సు మీద బతికే వాళ్లలో ఒక అలవాటు ఉంది. పక్కింటి గంప తెచ్చుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు, గుప్పెడు చేపలైనా వేసి ఇస్తారు. ఖాళీ గంప ఇస్తే ఆ ఇల్లు ఖాళీ కావాలని కోరినట్టు. చిన్నప్పుడు మస్తానయ్య ఒకసారి ఖాళీ గంపతో పొరుగింటి గుమ్మం దాకా వెళ్తే, వాళ్లమ్మ వీధిలోంచే కేకేసి వెనక్కి పిలిచిందట. చేపలు పెట్టెల్లో పెట్టలేడు గనక, కంపెనీలో చేరిన రోజు నుంచీ అతను కట్టే ప్రతి గిన్నెలో నాలుగు బియ్యపు గింజలు వేస్తున్నాడు.

"కొత్తింటికి పొయ్యే గిన్నె. ఖాళీగా ఎట్ట పంపేదమ్మా?"

"ఎన్ని గిన్నెల్లో వేసినారు?" అంది ఫర్జానా, పెన్ను మూత పెట్టేస్తూ.

"ఖాళీగా ఉండే అన్నిట్లో."

నేను నా జాబితా వైపు చూసుకున్నాను. అందంగా గీతలు కొట్టి రాసిన మూడు పేజీలు. ఎక్కడా బియ్యం లేదు.

ఇంతలో స్వర్ణ చేతిలోని గుడ్డ కింద పడేసి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"అన్నా, ఆగు. మూడేళ్ల కింద మస్కట్టు పోయినోళ్లు కెటిల్‌లో బియ్యం ఉండాదని ఉత్తరం రాసిందీ..."

మస్తానయ్య తల వంచుకున్నాడు. ఆ వారం అతను చిట్టమూరులో మరదలి పెళ్లిలో ఉన్నాడు, ఆ గొడవ అతనికి తెలియదు. నాకు తెలుసు. గిన్నెలు సరిగ్గా కడగలేదని స్వర్ణని నలుగురి ముందూ తిట్టింది నేనే. క్షమించమని ఉత్తరం రాసిందీ నేనే.

"తప్పయిపోయింది స్వర్ణా," అన్నాను.

"మూడేళ్లు లేటు సారూ," అంది. "సరే, చేతిలో కాయితం కింద పెట్టి చెప్పండి. ఆనాడు కాయితం కింద పెట్టే గదా తిట్టినారు."

టైము మూడు. లారీ రావడానికి గంట ఉంది.

ఏ పెట్టెలో వేశాడో మస్తానయ్యకి ఒక్కడికే తెలుసు. అయిదో నంబరు ముందు కూర్చుని ముడి మీద చెయ్యి వేశాడు. గోళ్లతో గుంజాడు, పళ్లతో లాగాడు. ముడి కదలలేదు. అయిదు నిమిషాలు గడిచాయి. తను వేసిన ముడి ఎంత గట్టిదో ఆ పూటే మొదటిసారి తెలిసినట్టు చూశాడు. షాహిదాబీ లేచి, గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చి అతని చేతికిచ్చింది.

"కొయ్యి మస్తానూ. ఏం చేస్తాం."

"వొద్దమ్మా, వొస్తాది, వొస్తాది..."

"లారీ కూడా వొస్తాది," అంది స్వర్ణ.

కత్తెర పెట్టాడు. తాడు టప్పున తెగింది. మా మొహాలు చూడకుండా తెగిన ముడిని జేబులో వేసుకున్నాడు.

తర్వాత వరసగా తీశాడు. కుక్కర్లో గింజలు. ఇడ్లీ పాత్రలో గుంటకో గింజ. ఫ్లాస్కులో, పూలకూజాలో, కుట్టుమిషను సొరుగులో. ఇరవై రెండో పెట్టెలోంచి అజారుద్దీన్ హెల్మెట్ బయటికొచ్చింది. బోర్లించితే రాలాయి.

"హెల్మెట్‌లో కూడానా?" అంది ఫర్జానా.

"తలకాయ పెట్టేది గదమ్మా. ఖాళీగా ఎట్ట పంపేది?"

"బూట్లల్లో?"

"ఛీ ఛీ! బూట్లల్లో అన్నం గింజలు పెడతానామ్మా? ఎంత మాట!" మనిషి నిజంగా నొచ్చుకున్నాడు. ఫర్జానాయే సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది.

ముప్పయ్యో పెట్టెలో పెద్ద బిర్యానీ గిన్నె ఉంది. మూత తీసిన మస్తానయ్య అలాగే ఉండిపోయాడు. అడుగున తన గింజలున్నాయి. వాటి మీద ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన మూట ఒకటి ఉంది. వాసన ముందు నాకు తగిలింది. ఎండురొయ్యలు. మేమంతా మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు ఆ గదిలో ఎవరున్నారో అతను గుర్తు చేసుకున్నట్టున్నాడు. మెల్లగా తలెత్తి షాహిదాబీ వైపు చూశాడు. ఆవిడ ఫ్యానుకి ఎన్ని రెక్కలున్నాయో చూస్తోంది.

"అదేంది?" అంది ఫర్జానా.

"ఇది కూడా నాదేనమ్మా," అన్నాడు మస్తానయ్య.

"రొయ్యలా?" అంది స్వర్ణ. "రొయ్యలు కూడా పెడతారా అన్నా మీ పక్క?"

"ఆఁ. పెద్ద గిన్నెలకి."

ఫర్జానా మూట అందుకుని గుడ్డని రెండు వేళ్లతో పట్టి చూసింది.

"మొన్న మా అత్త నాకు కుట్టిన జాకెట్లో మిగిలిన ముక్క ఇది. పోలేరమ్మ గారికి ఎట్ట పోయింది?"

మస్తానయ్య గిన్నె మూత తిప్పి తిప్పి చూశాడు. అబద్ధం అక్కడిదాకే సిద్ధం చేసుకున్నట్టున్నాడు. అతని అవస్థ షాహిదాబీ చూడలేకపోయింది.

"నాదేలేమ్మే. పాపం, ఆయన్ని వొదిలెయ్."

"అత్తా! ఆడ రొయ్యలు దొరకవా?"

"దొరుకుతాయంట. మన ఎండకి ఎండినవి దొరుకుతాయా?"

"ఇంకా ఎక్కడ పెట్టినావు?"

షాహిదాబీ వేళ్లు మడిచింది. తొమ్మిది, పదహారు, దిండు గలీబులున్న పెట్టె ఒకటి, ఇంకొకటి గుర్తు రావడం లేదు. వెతకగా అది టీవీ పెట్టెలో దొరికింది. ఫర్జానా కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోప్పడదామని మొదలుపెట్టింది కానీ, రొయ్యల మూటలు అయిదూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి కోపం నిలవలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

రొయ్యలు స్వర్ణకి దక్కాయి. "మస్కట్టు బాకీ తీరింది సారూ," అంది నాతో.

గిన్నెలు మళ్లీ తుడిచి, కాగితాలు చుట్టడం మొదలైంది. మూడూ నలభై. అయితే మస్తానయ్య కుక్కరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు, మూత పెట్టడు.

"ఏంది మస్తానయ్యా మళ్లీ?" అన్నాను.

"ఖాళీగా ఉండాది సారూ."

"ఉండనీ!"

"చెయ్యి రావడంలా."

మేము కసురుకున్నాం. లారీ డ్రైవరు ఫోన్ చేశాడు, సూళ్లూరుపేట దాటాడట. మస్తానయ్య కదలడు. మొండితనం కాదు, నిజంగానే అతని చెయ్యి మూత దాకా వెళ్లి ఆగిపోతోంది. అప్పుడు షాహిదాబీ తన కుట్టు సామాను పెట్టెలోంచి గుండీల డబ్బా తీసింది. ముప్పై ఏళ్లు జాకెట్లూ చొక్కాలూ కుట్టగా మిగిలినవి. ఎరుపు, తెలుపు, నీలం, ముత్యాల్లాంటివి, అన్నీ ప్లాస్టిక్‌వే.

"సారూ, మీ కాయితంలో గుండీలు వొద్దని ఉండాదా?"

పైనుంచి కిందిదాకా చదివాను. ఎక్కడా లేదు.

"అయితే ఇవి వేసుకో మస్తానూ. ఇవీ గుప్పెడే గదా. నా చేత్తో దాచినవే."

మస్తానయ్య మొహం వెలిగింది. చెయ్యి చాచాడు. ఫర్జానా మధ్యలోకి వచ్చింది.

"కడిగి వెయ్యండి!"

స్వర్ణ గుండీలు కడిగి, జల్లెడలో ఆరబోసి, పంకా పెట్టింది. కుక్కర్లో నాలుగు గుండీలు, ఫ్లాస్కులో రెండు, హెల్మెట్‌లో నీలం రంగువి మూడు. నా మూడు పేజీల జాబితాలో ప్రతి వంటింటి పెట్టె పక్కనా "గుండీలు" అని చేర్చుకుంటూ పోయాను. ఇరవయ్యేళ్ల నా ఉద్యోగంలో అంత నిజాయితీగా రాసిన జాబితా ఇంకొకటి లేదు. ఫర్జానా సంతకం పెట్టింది. డ్రైవరు కాసేపు విసుక్కున్నాడు గానీ, అయిదింటికి సీలు పడింది, ఓడ అందింది.

రెండు నెలల తర్వాత ఫర్జానా మెసేజ్ పెట్టింది. పెట్టెలు ఎవరూ తెరవకుండానే ఇంటికి చేరాయట. తాళ్లు అజారుద్దీన్ కోశాడట, అరపూట పట్టిందట. మొదటిసారి కుక్కరు పెట్టేటప్పుడు షాహిదాబీ గుండీలు తీసి లెక్కపెట్టుకుని, మళ్లీ డబ్బాలో వేసుకుందట.

ఆ మెసేజ్ మస్తానయ్యకి మూడుసార్లు చదివి వినిపించాను. జేబులోంచి ఆ రోజు తెగిన ముడి తీసి, చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. దాని పక్కన గుండీల పొట్లం కూడా ఉంది. పోలేరమ్మ ఇప్పుడు బియ్యానికి బదులు అదే ఇచ్చి పంపుతోంది.

మొన్న ఒక కొత్త ఇంటికి వెళ్లాం. వాళ్లది సింగపూరు ప్రయాణం. మస్తానయ్య తాడు భుజాన వేసుకుని, ఇంటావిడ ముందు నిలబడి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"నేను కట్టిన పెట్టెని దారిలో ఇంకొకడు విప్పిందే లేదమ్మా."

"ఇంకొకడు" అన్న చోట స్వర్ణకి పెద్ద దగ్గొచ్చింది. మస్తానయ్య అటు తిరగలేదు. వంగి, మొదటి గిన్నె అందుకున్నాడు.