పెద్దమ్మ ఫోనుకి వచ్చే నంబరు

మొన్న మా అమ్మాయి కంప్యూటరు ఆట ఒకటి కొని తెచ్చింది. డబ్బా విప్పితే లోపల డిస్కు లేదు, ఒక చీటీ ముక్క ఉంది. ఆ చీటీ మీది అంకెలు ఇంటర్నెట్లో కొడితేనే ఆట దిగుతుందట, అదీ ఖాతా తెరిచాకేనట. డబ్బు పోసి కొన్న వస్తువు వాడుకోవడానికి ఎవరి గుమ్మం ముందో నిలబడి పేరు చెప్పుకోవడమేమిటని నేను రుసరుసలాడితే, "ఇప్పుడంతా ఇంతేనమ్మా" అని తన పని తాను చూసుకుంది. నాకు తెలియదా ఏమిటి! ఈ గొడవ దానికంటే ముందే నేను పడ్డాను, మా బావ పుణ్యమా అని.

మా అక్క మొగుడు బెంగాల్లో ఓడలు ఆగే ఖిదిర్‌పూర్ డాక్‌లో ముప్పై ఏళ్లు క్రేను నడిపాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావాళ్లలో మూటలు మోసినవాళ్లే ఎక్కువ కాబట్టి, పైన అద్దాల గదిలో కూర్చుని చేసే ఉద్యోగమంటే మా ఇళ్ల లైన్లో కలెక్టరు కింద లెక్క. ఆ దర్జా బావకీ ఉండేది. నేల మీద నడిచేటప్పుడు కూడా మనుషుల్ని పైనుంచి చూస్తున్నట్టే చూసేవాడు. షుగరొచ్చి దూరపు చూపు మందగించడంతో చివరి ఏళ్లలో క్రేను మీంచి దింపేసి స్టోర్సులో కూర్చోబెట్టారు. రిటైరయ్యాక ఏక్‌బాల్‌పూర్ ఇంట్లో పొద్దస్తమానం కుర్చీలో ఉండి, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ మీటలు తోస్తున్నట్టు ముందుకీ వెనక్కీ ఆడించేవాడు. మాట్లాడటం మానేశాడు, తిండి తగ్గించేశాడు. "క్రేను దిగిపోనాడు గానీ మడిసి ఇంకా దిగనేదే" అని అక్క నా దగ్గర ఏడ్చింది. నాకు భయమేసింది.

కంప్యూటరు సామాన్లు దొరికే చాందినీ మార్కెట్లో వెతగ్గా వెతగ్గా, రేవులో క్రేను నడిపే ఆట ఒకటి దొరికింది. దుకాణదారు డబ్బా చేతికిస్తూ "అకౌంట్ లాగ్‌బే, దీదీ" అన్నాడు. డిస్కు ఉండగా అకౌంటెందుకు కావాలని నేను పట్టించుకోలేదు. అక్క ఇంటికొచ్చి వాళ్ల కంప్యూటర్లో డిస్కు పెడితే తెర మీద అదే మాట: ఖాతా లేనిదే ఆట లేదు.

మా లైన్లో ఏ కొత్త వస్తువు వచ్చినా అక్కావాళ్ల ఎదురింటి పెద్దమ్మ చేత్తో మొదలెట్టాల్సిందే. ఆవిడ చేతివాసి అలాంటిది. కొత్త పొయ్యి ఆవిడే వెలిగించాలి, కొత్త మిక్సీలో మొదటి పచ్చడి ఆవిడే తిప్పాలి. ఒకావిడ పెద్దమ్మని పిలవకుండా ఫ్రిజ్ ఆన్ చేసుకుంటే నెలకే చెడిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి ఆటకీ పెద్దమ్మనే పిలిచాం. ఆవిడ కంప్యూటరుకి బొట్టు పెట్టి, డబ్బాలో వచ్చిన చీటీలోని అంకెలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టింది. ఫోను నంబరు అడిగితే, మొదలెట్టిన చెయ్యి ఆవిడది కాబట్టి ఆవిడ నంబరే ఇచ్చాం. ఎవరికీ తప్పనిపించలేదు. అలా మేం కొన్న ఆట పెద్దమ్మ సొత్తయింది. తెర మీద స్వాగతం కూడా ఆవిడ పేరుకే పలికింది.

అంతటితో పోయినా బాగుండేది. అక్కావాళ్ల కంప్యూటరు పాతది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, ఆపిన ప్రతిసారీ తేదీ మరిచిపోయేది. దాంతో ఆ ఆట కంపెనీకి రోజూ ఇది కొత్త కంప్యూటరులాగే కనపడి, నిజంగా నువ్వేనా అంటూ పెద్దమ్మ ఫోనుకి ఆరంకెల నంబరు పంపేది. బావ పొద్దున్న తొమ్మిదింటికల్లా స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని కూర్చునేవాడు. ఎదురింట్లో ఫోను టింగుమనేది. పెద్దమ్మ వరండాలోకి వచ్చి లైనంతా వినపడేలా అంకెలు చదివేది. పక్కింటి బెంగాలీ మాష్టారు అవి లాటరీ నంబర్లనుకుని కొన్నాళ్లు రాసుకున్నాడట కూడా. బావ ఆటలోని ఓడల్ని శ్రీకాకుళం తిట్లు తిట్టేవాడు. తిట్టినా మాట్లాడుతున్నాడు గదా అని అక్క మొహం తేటపడింది.

ఆ వానాకాలంలో పెద్దమ్మ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. బావ కంప్యూటరు మీద గుడ్డ కప్పేశాడు. "సావు జరిగినింటికెళ్లి ఆట నంబరు సెప్పమని అడగమంటావేటి?" అన్నాడు. అడగమని నేనూ అనలేకపోయాను. డబ్బా, డిస్కు, చీటీ అన్నీ అక్క బీరువాలోనే ఉన్నాయి, ఆట మాత్రం మాకు లేదు. బావ చేతులు మళ్లీ కుర్చీ మీద ఆడటం మొదలెట్టాయి. నాకు ఒళ్లు మండిపోయేది, ఎవరి మీద మండాలో తెలియక.

దినాలు అయిపోయిన మర్నాడు పెద్దనాన్న, అంటే పెద్దమ్మ భర్త, ఆవిడ ఫోను పట్టుకుని వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. బావ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏటి అల్లుడా, డ్యూటీకెక్కడం నేదా? తొమ్మిదయిపోనాది."

బావ కంప్యూటరు మీది గుడ్డ సరిచేశాడు.

"మీ అత్తకి రోజూ వొచ్చే మెసేజీ నీదొక్కటే," అన్నాడు పెద్దనాన్న. "ఆ సప్పుడు ఇనపడక ఇల్లు ఇల్లులాగ నేదు. ఆట ఎట్టు బాబూ."

బావ గుడ్డ తీసి ఆట పెట్టాడు. ఫోను టింగుమంది. పెద్దనాన్నకి చదువు అంతంతమాత్రం. ఆయన అంకెలు కూడబలుక్కునేలోగా గడువు దాటిపోయి, మళ్లీ కొత్త నంబరు తెప్పించాల్సి వచ్చింది. మూడోసారికి గాని ఆట తెరుచుకోలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆయన వెళ్లాక, లోపలికి వెళ్తే ఫోను నంబరు మార్చుకోవచ్చనీ, రెండు నిమిషాల పనేననీ బావకి చెప్పాను. మౌసు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ పిల్లా. రేపు పొద్దున్న ముసలాయన ఎక్కడికెల్తాడు?"

నేను మార్చలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. నేను చెయ్యకుండా వదిలేసిన రెండు నిమిషాల పని, వాళ్లిద్దరికీ మూడేళ్ల పొద్దుటిపూటలయింది.