కమలాపురం మిషనుకు నొసలు చూపించిన రోజు

శనివారం తెల్లవారుతుండగా కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో పనిముట్ల డబ్బా. ఫ్యాక్టరీల్లో యంత్రాలు వాటంతట అవే నడిచేలా కంట్రోల్ ప్యానెళ్లు చేసే చిన్న కంపెనీలో చేరి ఇంకా ఏడాది కాలేదు. అన్నాళ్లూ షెడ్డులో కూర్చుని వైర్లు బిగించడమే నా ఉద్యోగం. "రూతూ, ఈ ఒక్క మిషన్ నువ్వే పొయ్యి నడిపిచ్చి రా. నడిస్తే ఇంక సైటు పనులు నీవే. నడవకుంటే వైరింగ్ టేబులే," అన్నారు మా సారు. ఆలూరు నుంచి అమ్మ ఫోనులోనే ప్రార్థన చేసి పంపింది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. పొద్దుటి బస్సయితే కుడివైపు కూర్చోండి, ఎడమవైపు ఎండ నంద్యాల చేరకముందే మాడ్చేస్తుంది. నంద్యాలలో బస్సు ఆగినప్పుడు ఉగ్గాని, బజ్జీ తినేయండి. తర్వాత తిందాంలే అనుకుంటే కడప దాకా పస్తే.

పక్క సీట్లో చాగలమర్రి పెద్దాయన ఒకరు పలకరించారు.

"యాడికి పోతాండావు పాపా?"

"కమలాపురం తాతా. మిషన్ రిపేరుకు."

"కుట్టు మిషనా?"

"కాదు, బండలు పాలిష్ చేసేది."

ఆయన నన్నూ, నా డబ్బానూ మార్చి మార్చి చూశారు. "ఒక్కదాన్నే పంపినారా? శానా ధైర్యమే!" అన్నారు. ధైర్యం నాదో మా సారుదో నాకూ తెలియలేదు.

కడపలో దిగేసరికి పదిన్నర దాటింది. కారం దోసె వాసన పిలుస్తున్నా ఆగకుండా కమలాపురం బస్సు పట్టుకున్నాను. అక్కడి నుంచి ఆటో. ఫ్యాక్టరీ బయట నాపరాళ్లు పేర్చి ఉన్నాయి. పక్కనున్న తుమ్మచెట్లకు కూడా రాతిపొడి పట్టింది.

యజమాని ఓబుల్‌రెడ్డి గేటు దగ్గరే ఎదురొచ్చారు. "కొత్త మిషను పాపా. నిన్న పూజ చేసి మీట నొక్కితే కదల్లేదు. సాయంత్రానికి బెంగళూరు లారీ వచ్చాది. ఏం చేస్తావో!"

లాప్‌టాప్ కలిపి గంటసేపు ప్రోగ్రాం అంతా వెతికాను. తప్పు లేదు. మరి తెర మీద మాత్రం 'లోపల బండ ఉంది' అని చూపిస్తోంది, రోలర్లు చూస్తే ఖాళీ. ఈ మిషనుకు అటొకటి ఇటొకటి సెన్సర్లుంటాయి. వాటి మధ్య వెలుతురుకు ఏదైనా అడ్డొస్తే బండ వచ్చిందనుకుని, అది పోయేదాకా ఇంకోదాన్ని రానివ్వదు. ఒంగి చూశాను. సెన్సర్ అద్దం మీద నిండుగా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

నవ్వొచ్చింది. తుడుద్దామని గుడ్డ తీసి, అంతలోనే ఆగిపోయాను. చుట్టూ పనివాళ్లు నిలబడి చూస్తున్నారు. నా నుదుట బొట్టు లేదు, నా పేరు రూతు. కొత్త మిషనుకు శుక్రవారం పెట్టిన బొట్టు నేను చెరిపితే వాళ్లకు ఎలా ఉంటుంది? చెరపకపోతే నా సైటు పని సంగతేంటి? గుడ్డ మడిచి జేబులో పెట్టాను.

"ఈ బొట్టు ఎవరు పెట్టినారు?" అని అడిగాను.

ఊడ్చే చీపురు పక్కన పెట్టి లక్షుమ్మవ్వ ముందుకొచ్చింది. "నేనే తల్లీ. అన్ని మిషన్లకూ నేనే పెడ్తా."

"అవ్వా, ఇది దీనికి కన్ను. కంట్లో పసుపు పెడితే దీనికి ఏం కనపడ్తాది?"

అవ్వ లెంపలేసుకుంది. "అయ్యో, ఇది కన్నా? దీనికి నొసలు యాడుండాదో నాకేం తెల్సు?"

"ఏమవ్వా, మిషన్నే ఆపేస్తివే!" అని ఓబుల్‌రెడ్డి గద్దించారు. నాకు కోపమొచ్చింది.

"అవ్వను అనొద్దండీ. బిగించినప్పుడే ఇది కన్ను అని చెప్పాల్సింది మేము. తప్పు మాదే," అనేశాను. అన్నాక భయమేసింది, కంపెనీ తరఫున ఆ మాట అనమని నాకెవరూ చెప్పలేదు.

అవ్వ కొంగు తడిపి, పసిబిడ్డ కంట్లో నలుసు తీసినట్టు మెల్లగా తుడిచింది. తర్వాత కుంకుమ భరిణె పట్టుకుని, "మీరు పెట్టరు గదా. నువ్వు చూపీ, నేను పెడ్తా," అంది. సెన్సర్ పైనున్న ఇనుప పట్టీ చూపించాను. అవ్వ బొట్టు పెట్టింది. మీట నొక్కగానే బండలు వరుసగా లోపలికి కదిలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మిగతా మిషన్లకు కూడా నొసళ్లు చూపించేదాకా అవ్వ నన్ను వదల్లేదు. ఆ అవ్వ మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

సాయంత్రం కడపలో కారం దోసె తిని కర్నూలు బస్సెక్కాను. మైదుకూరు దాటాక సారు ఫోను.

"తప్పు మాదే అన్నావంట?"

"అన్నాను సార్. మనం చెప్పలేదు గదా."

అటునుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. పోయింది, ఇంక వైర్లే గతి అనుకున్నాను. కడప, కర్నూలు నేల చూడ్డానికి ఎండిపోయి కనిపిస్తుంది గాని, మనుషులు మాత్రం మొదటి రోజే సొంతం చేసుకుంటారు. సైటు పని ఉన్నా పోయినా ఆ పూట నాకు మిగిలినట్టే.

"సోమవారం వేంపల్లె పో. కొత్త మిషన్. బిగించేదీ నువ్వే, వాళ్లకు చెప్పేదీ నువ్వే," అన్నారు సారు.

వెంటనే అడిగాను. "అక్కడ పూజ ఏ వారం చేస్తారు సార్?"