కిషన్‌బాగ్ బావిలో పాచి

ఈ మధ్య ఏ ఇంటికి వెళ్లినా గ్లాసుతో నీళ్లివ్వడం లేదు. సీలు వేసిన చిన్న ప్లాస్టిక్ సీసా చేతిలో పెడుతున్నారు. దాని మూత తిప్పడానికి నా వేళ్లకు మరొకరి సాయం కావాలి. అయితే గ్లాసుతో ఇచ్చిన నీళ్లు తాగి నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది కనుక గట్టిగా ఫిర్యాదు చేయను.

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఎండాకాలంలో, నన్ను నీటి పరీక్షల విభాగంలో సీనియర్ ఎనలిస్టుగా పాతబస్తీకి వేశారు. బావి నీటి మీద ఫిర్యాదు వస్తే ఆమ్లత అక్కడికక్కడే మీటరుతో కొలవాలి. లోహాల పరీక్షకు వేరే సీసా పట్టి ప్రధాన ప్రయోగశాలకు పంపాలి. ఆ ఫలితం వచ్చేదాకా నీళ్లు వాడవచ్చో లేదో రాసే అధికారం నాది. కిషన్‌బాగ్ ఫిర్యాదు వచ్చిన వారం మీటరు రిపేరుకు వెళ్లింది. అధికారం మాత్రం నా దగ్గరే ఉంది.

కిషన్‌బాగ్‌లో ఒక గల్లీకి, నల్లా రాని రోజుల్లో, బావే దిక్కు. గోడ అవతల బీరువా పిడులకు నికెల్ పూత వేసే చిన్న కార్ఖానా. ఫిర్యాదు చేసిన బాలమణి ఆస్పత్రిలో ఆయా.

"పప్పు ఎంతసేపు పెట్టినా ఉడుకుతలేదు సారూ. చింతపండు ఎయ్యకముందే పుల్లగైతుంది. ఇంట్ల కోడలికి ఏడో నెల. తాగనియ్యాల్నా, వద్దా?"

నేను బాటనీ చదివినవాణ్ణి. రాళ్లకు పట్టిన పచ్చటి పాచి చూసి ధైర్యం వచ్చింది. కార్ఖానా నుంచి తేజాబు, అదే ఆమ్లం, కలిస్తే ముందు చచ్చేది ఇదేనని చెప్పి, అందరి ముందూ ఒక గ్లాసు తాగాను. పుల్లగానే ఉంది. నేరం మధ్యాహ్నం తిన్న నిమ్మకాయ పచ్చడి మీదికి నెట్టి, లోహాల సీసా ప్రయోగశాలకు పంపి, 'వాడుకోవచ్చు' అని రాసిచ్చాను.

మూడో రోజు మీటరు తిరిగొచ్చింది. ఆ బావి నుంచి తెచ్చి మిగిల్చిన నీళ్లలో పెడితే పీహెచ్ మూడున్నర. మంచినీళ్లకు ఏడు దరిదాపుల్లో ఉండాలి. మూడున్నర అంటే పచ్చడి జాడీకి చుట్టం. ప్రమాణ ద్రావణాల్లో రెండుసార్లు సరిచూశాను. మీటరు చెడిపోయి ఉంటే బాగుండుననుకున్నాను. ప్రభుత్వ పరికరం, సరిగ్గా ఆ రోజే సరిగ్గా పనిచేసింది. అంతలో లోహాల విభాగం నుంచి కెమిస్టు రహీం ఫోన్.

"భాయ్, నికెల్ మస్తుగుంది. గా నీళ్లు ఎవరన్న తాగుతున్నరా ఏంది?"

ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కాను. దారిపొడవునా ఒకటే ఆలోచన: మూడు రోజులు, ఈ ఎండకు, ఆ అమ్మాయి ఎన్ని గ్లాసులు తాగి ఉంటుంది?

బావి దగ్గర నింపిన బిందెలన్నీ పారబోయించాను. బాలమణి ఇంటికి తాళం. కోడలికి పొద్దుటి నుంచి వాంతులని, ఆస్పత్రికి తీసుకుపోయారని పక్కింటావిడ చెప్పింది.

బావి మూయించాం. రెండు రోజులకు కోడలిని ఇంటికి పంపారు. నెలలు నిండి బిడ్డ క్షేమంగానే పుట్టింది. పాచి బతికి ఉందంటే పాచి బతికి ఉందని మాత్రమే అర్థం. మీటరు లేనప్పుడు రాయవలసిన మాట 'తెలియదు'. నేను నేర్చుకున్నది ఇంతే.

కానీ ఆ సాయంత్రం ఇవేవీ తెలియవు. ఆస్పత్రికి వెళ్లి, వార్డు బయట బెంచీ మీద, భయానికి నోరు ఊరుకోక, బాలమణికి పాఠం చెప్పాను. కొన్ని రకాల పాచి లోపలికి చొరబడ్డ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుందని, లోహాన్ని పైనున్న జిగురులోనే కొంత ఆపుతుందని, లోపలికి చేరినదాన్ని కట్టిపడేసి ఒక మూల దాస్తుందని, అందుకే చావలేదని.

ఆమె వార్డు తలుపు మీంచి చూపు తిప్పకుండా అంతా విన్నది.

"పాచి సంగతి ఎవడడిగిండు సారూ? నా కోడలు పాచి కాదు."