ప్రసంగం బాగోదు, అయినా రండి

ఆంటీ పోయిన కబురు జనవరి చివర్లో ఒక ఉదయం తెలిసింది. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను, అంటే మా వంటగది బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు. ఆంటీ కూతురు ఫోన్ చేసి, "అక్కా, మమ్మీ పొద్దున్న లేవలేదు" అంది. రెండిళ్ల అవతలే వాళ్లిల్లు. చెప్పుల్లేకుండా పరిగెత్తాను గానీ గేటు దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. ఒకరింట్లోకి ఒకరు వెళ్లకూడని రోజులు. ఆ పిల్ల కిటికీ అద్దానికి అటు, నేను ఇటు నిలబడి ఏడ్చాం.

తర్వాత ఫోన్ చేసినవాళ్లంతా మొదట అడిగింది ఒకటే మాట, "కోవిడా?" అని. కాదండీ, గుండె. పది నెలలు కోవిడ్ వార్డులో నర్సుగా పనిచేసి, ఆ రోగానికి దొరక్కుండా పోయింది మా ఆంటీ. అదేం గొప్ప అని మీరనవచ్చు. నాకు గొప్పే.

సాయంత్రానికి, ఐర్లండులో మేముండే కిల్కెన్నీ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు దండం బొమ్మలతో నిండిపోయింది. వాటి మధ్య ఒక పెద్దమనిషి, "మంచి మనిషే, కాకపోతే జనాన్ని తన మతంలోకి లాగే అలవాటు ఉండేది" అని రాశాడు. చచ్చిపోయినవాళ్ల మీద ఆ "కాకపోతే" ఏమిటో! ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను.

ఆంటీది రాజమండ్రి. అక్కడ ఉండగానే మోర్మన్లలో చేరింది. క్రైస్తవుల్లో అదొక చిన్న శాఖ. టీ, కాఫీ, మందు ముట్టరు. జీతం తీసుకునే పాస్టరు ఉండడు. ఆదివారం ప్రసంగాన్ని సభలోని మామూలు మనుషులకే వంతులవారీగా అప్పగిస్తారు. ఆంటీ వెళ్లే సభ కిల్కెన్నీ నుంచి కారులో దూరమే. ఆ ఊరి పేరు చెప్పను. ఉన్నదే ముప్పై మంది, అందులో ప్లంబరు ఒక్కడే, చెబితే పాపం ఆయన్ని గుర్తుపట్టేస్తారు.

మేం ఆ వీధిలో అద్దెకు దిగిన వారమే ఆంటీ మా గేటు ముందు ప్రత్యక్షమైంది. "అమ్మాయ్, ఇవాళ చెత్త లారీ తీసుకెళ్లేది ఆకుపచ్చ బిన్ను. మీరు నల్లది పెట్టారు. మార్చెయ్, లేకపోతే రెండు వారాల కంపు మీదే" అంది. లోపలికి రమ్మని టీ పెట్టబోతే వద్దని, మిరియాల పాలు అడిగి తాగింది. గ్లాసు తనే కడిగి పెట్టి, వెళ్తూ వెళ్తూ, "ఆదివారం మా మీటింగుకి రా. ప్రసంగం బాగోదు, ముందే చెప్తున్నా. అయినా రా" అంది.

జీవితంలో నన్ను చాలామంది చాలా చోట్లకి పిలిచారు. బాగోదని చెప్పి పిలిచింది ఆవిడొక్కతే. అందుకే వెళ్లాను.

మా ఆయనకి నచ్చలేదు. "ఏంది, చర్చికి పోతవా? మతం మారుస్తరు, సూడు" అన్నాడు, ఆంటీ కారు బయట ఆగి ఉండగానే. ఆవిడకి వినపడింది. అద్దం దించి, "బాబూ, మా ప్రసంగాలు విని ఇంతవరకు మతం మారినవాడు లేడు. ఉన్నవాళ్లు నిలబడితే చాలు మాకు. నువ్వూ రా కావాలంటే" అంది. మా ఆయన నవ్వేశాడు గానీ రాలేదు.

ఆ ఆదివారం వంతు ప్లంబరుది. ఎర్రటి ముఖం, పెద్ద చేతులు, మెడకి బిగుసుకుపోయిన టై. తనని మాట్లాడమని ముందురోజే చెప్పారని మొదలుపెట్టి, ఓర్పు అనే అంశం మీద ఫోన్లోంచి చదవడం మొదలెట్టాడు. తల ఎత్తలేదు. పదో నిమిషంలో ఫోన్ చచ్చింది. ఎవరో చార్జరు ఇచ్చారు. దాని వైరు పొట్టిది, ప్లగ్గేమో గోడకి కింద ఉంది. ఆ మహానుభావుడు గోడవైపు వంగి, మాకు వీపు చూపిస్తూ, ఇంకో పన్నెండు నిమిషాలు ఓర్పు గురించి చదివాడు. పిల్లలు బెంచీల కింద పాకుతున్నారు. ఆంటీ మాత్రం కళ్లు ఆర్పకుండా ఆయన వీపు వైపే చూస్తూ కూర్చుంది.

తిరిగొస్తుంటే కారులో అడిగింది. "ఎలా ఉంది?"

"మంచిగుంది ఆంటీ."

ఆవిడ కారుని పెట్రోలు బంకులోకి తిప్పి ఓ పక్కన ఆపింది. "అమ్మాయ్, నేను పెట్రోలు కోసం ఆపలేదు. ఎలా ఉంది?"

"నిద్రొచ్చింది ఆంటీ. ఆ చార్జరు లొల్లి లేకుంటే ఆడనే పండుకునేదాన్ని."

స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వింది. "హమ్మయ్య! ఇక నిన్ను ఎప్పుడైనా పిలవొచ్చు. అక్కడున్న వాళ్లందరూ బాగుందనే అంటారు. నాకు నిజం చెప్పే మనిషి ఒక్కరు కావాలి."

మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు ఆ ప్లంబరు నిలబడి ఉన్నాడు. ముందురోజు సభ అయ్యాక ఆంటీ తెచ్చిన పులిహోర తింటూ మా బాయిలరు సరిగా పనిచేయడం లేదని ఆయనతో మాటవరసకి అన్నాను, అంతే. రెండు గంటలు కూర్చుని బాగుచేసి, మంచినీళ్లు తాగి వెళ్లాడు. ఆంటీతో చెబితే, "మాట రానివాడు మనిషొస్తాడే. మాటొచ్చినవాడు ఎప్పుడొస్తాడో చెప్పలేం" అంది.

అప్పట్నుంచి నెలకో రెండు నెలలకో వెళ్లేదాన్ని. గురువారం నాడే ఆంటీ ఫోన్ చేసి ఎవరి వంతో చెప్పేది. "ఈసారి స్కూలు టీచరు. ఏడుస్తుంది. రుమాలు తెచ్చుకో." "ఈసారి కొత్త కుర్రాడు, అయిదు నిమిషాల్లో దిగిపోతాడు, బతికిపోయావ్." సభ నడిపే పెద్దాయన ఒకసారి ఆవిడతో మెల్లగా అన్నాడట, స్నేహితుల్ని క్రిస్మస్ పాటల రోజునో, డబ్లిన్ నుంచి మంచి వక్త వచ్చినప్పుడో పిలిస్తే బాగుంటుంది కదా అని. ఆంటీ కారులో ఆ మాట చెబుతూ మండిపడింది. "పెళ్లినాడు ఎవరిల్లయినా కళకళ్లాడుతుంది. మామూలు మంగళవారం నాడు వచ్చి చూసి నచ్చితేనే నచ్చినట్టు. నేను ప్లంబరు రోజునే తెస్తానని చెప్పా." చెప్పినట్టే తెచ్చేది. నన్నే కాదు, ఆసుపత్రిలో తోటి నర్సుల్ని, కాలేజీలో ఎమ్మెస్ చదివే తెలుగు పిల్లల్ని, ఒకసారి బిన్నుల లారీ డ్రైవర్ని.

మరి మతం మారమని అడగలేదా? అడిగింది. ఒకే ఒక్కసారి, మా వంటగదిలో, నా కళ్లలోకి చూస్తూ. "నాకు ఇష్టం, నువ్వు రావాలని. అడక్కపోతే అబద్ధమవుతుంది" అంది. "వద్దు ఆంటీ, మా ఎల్లమ్మ తల్లి నాకు సరిపోతది" అన్నాను. పాల గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది. బాధపడింది, నాకు తెలుసు. ఆ గురువారం ఫోన్ మామూలుగానే వచ్చింది. లాగడం అంటే ఇదేనా? గ్రూపులోని పెద్దమనిషి చెప్పాలి.

ఇంతలో కోవిడ్ వచ్చి అన్నీ మూతపడ్డాయి. సభ జూమ్‌లోకి మారింది. బాగోని ప్రసంగాలు ఇంకా బాగోకుండా పోయాయి. సగం మంది మాట తెగిపోయేది, మిగతా సగం మంది నుదురు మాత్రమే కనిపించేది. ఆంటీ ఒక టాబ్లెట్ కొనుక్కుని, దానికి తన పేరు పెట్టుకుని, తెర మీద వరసలో మొదటి గడిలో కూర్చునేది. ఆసుపత్రిలో డ్యూటీ లేని రోజుల్లో కోట పక్కన పార్కులో ఇద్దరం నడిచేవాళ్లం, బాటకి ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. మధ్యలోంచి కుక్కలు వెళ్లేవి.

ఒకరోజు అలా నడుస్తూనే వార్డులో ఒక ముసలి రైతు గురించి చెప్పింది. ఊపిరి అందడం లేదు, మాట లేదు. భార్యని రానివ్వరు. ఆంటీ ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. అటువైపు ఆ ముసలావిడ ఏడవలేదు, ప్రార్థన చెయ్యలేదు. ఇంట్లో ఉన్న ఆవుల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి, అది ఇవాళ ఏం చేసిందో చెప్పుకుంటూ పోయింది. "అరగంట, అమ్మాయ్. చెయ్యి మార్చుకుని పట్టుకున్నా. ఆయన వేళ్లు దుప్పటి మీద ఒక్కో ఆవుకీ కదిలాయి. ఆఖరి ఆవు అయ్యాక పోయాడు." చెప్పి, మాస్కు సర్దుకుని, నాకంటే ముందు నడిచింది.

నవంబరులో ప్రసంగం వంతు ఆంటీది వచ్చింది. అంశం ఆశ. అందరి ప్రసంగాలనీ దులిపేసే మనిషి ఏం చెబుతుందో అని నేను మా ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆంటీ తెల్ల చీర కట్టుకుని, కాగితాలు పట్టుకుని, ఎక్కడెక్కడివో ఎవరెవరివో పెద్దమాటలు పదమూడు నిమిషాలు గొంతు ఎత్తకుండా దించకుండా చదివింది. ఆసుపత్రి మాట లేదు. ఆవులు లేవు. ప్లంబరు కనీసం చార్జరు కోసం లేచాడు.

మర్నాడు పార్కులో అడిగింది. "ఎలా ఉంది?"

మనిషి సగమైపోయి ఉంది. కళ్ల కింద మాస్కు గీతలు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "చాలా మంచిగుంది ఆంటీ" అన్నాను.

ఆగిపోయింది. "నువ్వు కూడానా?" అంది. కోపంగా కాదు, అదే నాకు గుచ్చుకుంది. "ఆవుల సంగతి ఎందుకు చెప్పలేదని అడుగుతావనుకున్నా" అని, కారువైపు వెళ్లిపోయింది.

రెండు గురువారాలు ఫోన్ రాలేదు. మూడో గురువారం వచ్చింది. "ప్లంబరే" అంది. ఇద్దరం నవ్వాం. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. తన వంతు ఫిబ్రవరిలో మళ్లీ వస్తుంది కదా, అప్పుడు నిజం చెబుదాం అనుకున్నాను. ఫిబ్రవరి రాకుండానే పోయింది.

అంత్యక్రియలకి పదిమందినే అనుమతించారు. మిగతావాళ్లకి జూమ్. ముందురోజు ఆంటీ కూతురు ఒక కాగితం ఫోటో తీసి పంపింది. శవపెట్టె ఏ రంగులో ఉండాలో, ఏ పాట వద్దో అన్నీ రాసిపెట్టుకుంది మహాతల్లి. కింద, "మాట్లాడేవాళ్లు: ప్లంబరు, రెండిళ్ల అవతలి అమ్మాయి" అని ఉంది. అంత చెత్తగా మాట్లాడేవాణ్నీ, అంత పెద్ద అబద్ధం ఆడినదాన్నీ, ఆవిడ ఏరుకున్నది మమ్మల్ని.

సభ పెద్దాయన ఫోన్ చేశాడు. మంచివాడే. బయటివాళ్లు కూడా చూస్తారు కాబట్టి ఊరటనిచ్చే మాటలు నాలుగు చెబితే బాగుంటుందన్నాడు. సరేనండీ అనలేదు నేను. తెలుగు గ్రూపు తెరిచి, జూమ్ లింకు పెట్టి, కింద రాశాను: "రేపు ఆంటీ అంత్యక్రియలు. ప్రసంగాలు బాగోవు, ముందే చెప్తున్నా. అయినా రండి." మా ఆయన చూసి, "నువ్వు జనాన్ని చర్చికి పిలుస్తున్నవ్, తెలుస్తుందా?" అన్నాడు. పిలుస్తున్నా, అన్నాను.

వచ్చారు. గడులు రెండు పేజీలు దాటాయి. గ్రూపులో "కాకపోతే" అన్న ఆ పెద్దమనిషి కూడా వచ్చాడు, కెమెరా ఆపుకుని. హాల్లోని కెమెరా మొరాయిస్తే, కూతురు ఆంటీ టాబ్లెట్‌నే అక్కడ నిలబెట్టింది. అలా మొదటి గడిలో, ఆంటీ పేరు కింద, పెట్టె, దాని మీద తెల్ల పూలు, దూరదూరంగా పది కుర్చీలు కనిపించాయి. ప్లంబరు తన వ్యాన్‌లో కూర్చుని ఫోన్లోంచి చదివాడు. ఏం చదివాడో నాకు గుర్తులేదు. ఈసారి చార్జరు ముందే పెట్టుకున్నాడు.

నా వంతు వచ్చింది. వచ్చీరాని ఇంగ్లిషులో ఆవుల సంగతి చెప్పాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి గురించి, దుప్పటి మీద కదిలిన వేళ్ల గురించి. "ఇదంతా ఆవిడ నవంబరులో మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. కాగితం చూసి చదివింది. ఎలా ఉందని నన్ను అడిగితే బాగుందన్నాను. నేను అబద్ధం చెప్పాను. ఆ ప్రసంగం అస్సలు బాగాలేదు. ప్లంబరు గారి ఓర్పు ప్రసంగమే నయం."

మొదట వ్యాన్‌లో ప్లంబరు భుజాలు కదలడం మొదలైంది. ముఖం మీద ఆ పెద్ద చెయ్యి పెట్టుకున్నాడు. స్కూలు టీచరు రుమాలు వెతుక్కుంటూ నవ్వుతోంది. సభ పెద్దాయన నవ్వుతూ తల వెనక్కి వాల్చేశాడు. అందరి మైకులూ ఆపి ఉన్నాయి. ఒక్క హాల్లోది తప్ప.

పదిమంది నవ్వు, కళ్లనీళ్లతో కలిసిన నవ్వు, ఆంటీ పేరున్న గడిలోంచి మా వంటగదిలోకి వచ్చింది. "మంచిగలేకుండె ఆంటీ" అన్నాను, ఈసారి తెలుగులో, ఆ గడితోనే. నవ్వు ఇంకా వస్తూనే ఉంది.