మూత మీది రెండు తీగలు

నా చిన్నప్పుడు మా అమ్మ నా ఎడమచేతికి పాత చీర పీలిక చుట్టి ఉంచేది. నాది పుర్రచేతి వాటం, ఆ చెయ్యి వాడకూడదని. అన్నం కుడిచేత్తో తినడం ఎలాగో అలవాటు చేసుకున్నాను, తప్పదు కదా. కానీ నరసాపురం వైపు మా ఊళ్లో మధ్యాహ్నం అయ్యేసరికి ఆడవాళ్లంతా అరుగుల మీద చేరి లేసు అల్లేవారు. వాళ్ల మధ్య కూర్చోవాలని నాకు ప్రాణం కొట్టుకునేది. అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబోయేది. కుడిచేత్తో పట్టుకుంటే కొక్కెం సూది జారిపోయేది, పీలికతోనే ఎడమచేతికి మారిస్తే దారం ఎదురు తిరిగేది. చివరికి విసిగిపోయి, "దీనికి ఈ జన్మకి రాదు," అని అందరి ముందూ తేల్చేసింది. నేను అరుగు దిగి వెళ్లిపోయాను.

వెళ్లింది పక్కింటి టీచరమ్మగారి దగ్గరికి. ఆవిడ క్రైస్తవ మిషన్ వాళ్ల బడిలో కుట్టుపని నేర్పేవారు. మాట కాస్త కరుకు. నా ఏడుపు చూసి తన కుట్టుపెట్టె తెచ్చి ముందు పెట్టారు. వాళ్ల అమ్మమ్మగారి నాటి టేకు పెట్టె అది. నల్లటి మూత మీద ఎవరో చేత్తో వేసిన బొమ్మ ఉండేది. నడుమ పసుపురంగు కూజా, అందులోంచి కుడివైపుకి ఒక తీగ, ఎడమవైపుకి ఒక తీగ, వాటి నిండా సన్నని ఎర్రపూలు. మామూలుగా పిల్లల్ని దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ రోజు నా చేతి పీలిక తనే విప్పి, తీగ వెంట వేలు నడిపించమన్నారు. నా ఎడమ చూపుడువేలు ఎడమ తీగ మీద ఎక్కడా తడబడకుండా చివరి పువ్వు దాకా వెళ్లింది.

"ఈ రెంటిలో తప్పుగా వేసింది ఏదే?" అన్నారు.

ఎంతసేపు చూసినా నాకు దొరకలేదు. "రెండూ బాగానే ఉన్నాయండి."

"మరి నీ చెయ్యేం పాపం చేసింది?"

అప్పుడు ఆవిడ నా పక్కనున్న పీట తీసి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. పెట్టెలోంచి సూదీ దారం నా ఎడమచేతికిచ్చి, అద్దంలో చూసుకున్నట్టు తనని చూసి అల్లమన్నారు. ఆవిడ కుడిచెయ్యి ఎటు కదిలితే నా ఎడమచెయ్యి అటే కదిలింది. అన్నాళ్లూ మొండికేసిన దారం మాట వింది. దీపాలు పెట్టే వేళకి జానెడు లేసు గొలుసు అల్లాను.

అది పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. అమ్మ వెలుతురులో పెట్టి చూసి, వేళ్లతో తడిమి, "ఎవరల్లారు?" అంది. నేను అక్కడే చతికిలబడి, ఎడమచేత్తోనే ఇంకాస్త అల్లి చూపించాను. టీచరమ్మగారు ఎదురుగా కూర్చుని నేర్పారని చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద నాకు చోటు చూపించి, తను వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆ పీలిక మళ్లీ నా చేతికి ఎక్కలేదు.

టీచరమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. ఆవిడకి నోరు తెరిచి కృతజ్ఞత చెప్పనే లేదు, అప్పట్లో పెద్దవాళ్లకి అలా చెప్పే అలవాటు మాకు లేదు. గుండెల్లో మాత్రం ఆవిడకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా నేర్పుతుంటే, అది వాళ్లకి ఎంతకీ రాకపోతే, నోటిదాకా వచ్చిన మాట మింగేసి, లేచి నా చోటు మార్చుకుంటాను.