నాలుగో కప్పు

ఈ మధ్య ఖానాపూర్‌లో మా వీధివాళ్లకు నేను వస్తున్న సంగతి పొగను బట్టి తెలుస్తోంది. ఇదివరకు చప్పుడును బట్టి తెలిసేది. నాది పాత టూ స్ట్రోక్ బండి. అలాంటివి తయారు చేయడం మానేసి చాలా కాలమైంది. పెళ్లయిన కొత్తలో కొన్నాం. మా పెళ్లికి పురోహితుడు లేడు, ముహూర్తం లేదు. దండలు మార్చుకుని, సాక్షుల ముందు సంతకాలు పెట్టి, వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చాం. ఇట్లాంటి పెళ్లి ఏడాది నిలవదని మా మేనమామ పందెం కాశాడు. ముప్పై నాలుగేళ్లు నిలిచింది. ఆరేళ్ల కింద నా భార్య పోయింది.

ఆమె దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చాం. అది ఇద్దరం కలిసి ముందే రాసిపెట్టుకున్న మాట. పాడె కట్టలేదు, దింపుడుకల్లం దగ్గర ఆపి చెవిలో పేరు పెట్టి పిలవలేదు, పిండం పెట్టలేదు. బంధువులు తిట్టారు. నేను వాదించాను. చచ్చిన మనిషి ఎక్కడా ఉండదని, కాకి తిన్న ముద్ద కాకికే చెందుతుందని ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఇప్పటికీ అదే చెబుతాను. అయితే లేని మనిషి కోసం పోవడానికి మనకొక చోటు కావలసి వస్తుందని ఆ వేదికల మీద నిలబడ్డప్పుడు నాకు తెలియదు.

నాకు మిగిలిన చోటు ఒక దారి. ప్రతి ఏటా ఆమె పోయిన రోజున ఆ బండి మీద బోథ్ పోతాను. మేము కాపురం పెట్టిన ఊరు అది. ఆమె అక్కడి దవాఖానలో నర్సు, నేను బడిలో పంతులును. తరువాత ఇద్దరం బదిలీ మీద ఖానాపూర్ వచ్చాం. ఖానాపూర్ నుంచి నిర్మల్ పోయి, అక్కడి నుంచి పాత ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఆ మలుపుల్లో బండి గొంతు బరువెక్కగానే వెనక నుంచి ఆమె నా భుజం మీద రెండు వేళ్లతో తట్టి “ఇగ దించు” అనేది. గేరు తగ్గించమని. బండి నడిపేది నేను, వినేది ఆమె. బోథ్‌కు బస్సులున్నాయి. కాని వెనక సీటు ఖాళీగా ఉంచుకుని పోవడం బస్సులో కుదరదు.

ఈసారి ఆ రోజు ఇంకా పదిహేను రోజులుందనగా బండి మొండికేసింది. పొద్దున కిక్కు కొడితే లేచేది. బజారు దాకా బాగానే వచ్చేది. ఎక్సలేటర్ తిప్పితే మాత్రం పరుగు అందుకునేది కాదు. గుబగుబమని తడబడి, వెనక తెల్లటి పొగ వదిలి, చెరువుకట్ట ఎత్తు కూడా ఎక్కలేక ఆగిపోయేది. కట్టే ఎక్కలేని బండి ఘాట్ ఎట్లా ఎక్కుతుంది?

నాకు కంగారు పట్టింది. ఒకే పూట కొత్త ప్లగ్గు వేశాను, కార్బొరేటర్ విప్పి కడిగాను, దాని స్క్రూ అటూ ఇటూ తిప్పాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. బండి ఇంకా చెడిపోయింది. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోయాను.

బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. ఈ చుట్టుపక్కల టూ స్ట్రోక్ బండి తెలిసినవాడు ఆయన ఒక్కడే మిగిలాడు. ఆదివారం షెడ్డు మూసి చర్చిలో మొదటి వరుసలో కూర్చుంటాడు. దేవుడున్నాడా లేడా అని మా ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా నడుస్తున్న తగాదా ఇంకా తేలలేదు.

“ఏం జేసినవ్ సార్ దీనికి?” అన్నాడు బండిని చూడగానే.

చేసినవన్నీ చెప్పాను.

“అన్నీ ఒక్కపారే?”

“అవును.”

ఆయన పానా కింద పెట్టేశాడు. “గిప్పుడిది మంచిగైతే దేంతోని అయిందంటవ్? ఖరాబైతే దేంతోని అంటవ్?”

నేను బండికి స్టాండు వేశాను.

“బడిల పోరగాండ్లకు నువ్వే చెప్తుంటివి గద. మందు మింగి, మొక్కు మొక్కి, తాయెత్తు గట్టుకుంటే జరం దేంతోని తగ్గిందో ఎట్ల తెలుస్తదని. గా మాట పట్టుకొని మా బిడ్డ ఇంటికొచ్చి నాతోని కొట్లాడింది. నేను ప్రార్థన చేసిన్నంటే, గోళి గూడ మింగిన గద బాపూ అన్నది. గిప్పుడు నువ్వే తాయెత్తు గట్టినవ్.”

షెడ్డులో చాయ్ తాగుతున్న ఇద్దరు నవ్వారు. ఆ మాట నా చెంప మీద పడింది, నిజమే కాబట్టి.

నేను మార్చినవన్నీ తీసి పాతవే మళ్లీ బిగించాడు. జబ్బు ఎక్కడ మొదలైందో అక్కడికే పోవాలన్నాడు. ఇక ఒక్కొక్కటే. ముందు ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుని, మంచం మీద రోగి నాలుక చూసినట్టు చూశాడు. నల్లగా, తడిగా, జిగటగా ఉంది. తుడిచి, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలి నిప్పు టప్పుమంది. “కరెంటు మంచిగనే ఉన్నది.” పెట్రోలు పైపు తీసి సీసాలో పట్టాడు. ధార సన్నబడలేదు. కార్బొరేటర్ అతుకు చుట్టూ సబ్బు నురుగు రాసి బండి నడిపాడు. ఎక్కడైనా సందుంటే ఇంజను ఆ నురుగును లోపలికి గుంజుకుంటుందట. గుంజుకోలేదు. కిక్కు మీద చేత్తో అదిమి చూశాడు. ఇంజను బలంగానే ఎదురు తన్నింది.

“గుండె మంచిగుంది. ముసల్ది కాలేదింకా,” అన్నాడు.

చివరికి సైలెన్సర్ వెనక అరచేయి అడ్డం పెట్టి నన్ను ఎక్సలేటర్ తిప్పమన్నాడు. తిప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఊపిరి పీలుస్తుంది గని ఇడుస్తలేదు.”

సైలెన్సర్ లోపల చిల్లుల గొట్టం ఒకటుంటుంది. దాన్ని గుంజి బయటికి తీశాడు. చిల్లులు కనబడలేదు. తారు డబ్బాలో ముంచి తీసినట్టు మసి, జిడ్డు కలిసి గట్టిగా పేరుకుపోయింది.

“నూనె ఎంత పోస్తవ్ సార్?”

ఈ బండికి ఇంజన్ ఆయిల్‌ను పెట్రోల్లోనే కలిపి పోయాలి. అంత కొలిచి పోసేవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువ. సీసా మూతతో పోసి, ఇంజన్ సల్లగుంటదని మీద ఇంకో మూత పోస్తారు. పండగకు దీపంలో ఒక చుక్క ఎక్కువ వేసినట్టు. మా ఇంట్లో ఆ పద్ధతి సాగలేదు. పిల్లల జ్వరం మందు సీసా మీద గీతలున్న చిన్న ప్లాస్టిక్ కప్పు వస్తుంది చూడండి, ఆమె ఆ కప్పుతో కొలిచేది. లీటరుకు మూడు కప్పులు. మొదట్లో నేను కూడా మీద ఇంకొంచెం పోయబోతే చెయ్యి పట్టుకుంది.

“మందైనా అంతే, నూనైనా అంతే. ఎక్కువ పోస్తె జల్ది తగ్గుతదా? సభలల్ల అంత పెద్దపెద్ద మాటలు జెప్తవ్, కొలుసుడు రాదు నీకు.”

ఆ కప్పు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బండి పెట్టెలోంచి తీసి మెకానిక్‌కు చూపించాను.

“ఆమె కొలతే. లీటరుకు మూడు,” అన్నాను.

“మూడేనా?”

“మూడు. మీద ఒకటి.”

“గా మీద ఒకటి ఎందుకు సార్? ఎవలు పొయ్యమన్నరు?”

ఎవరూ పోయమనలేదు. ఆమె పోయిన తరువాత మొదటిసారి లీటరు పెట్రోలు పోయించి మూడు కప్పులు పోశాను. లెక్క అయిపోయింది. కప్పు కడిగి పెట్టెలో పెట్టేయాలి. చెయ్యి రాలేదు. ఆ పని అంత తొందరగా అయిపోవడం నచ్చలేదు. ఇంకొకటి పోశాను. ఆ తరువాత ప్రతిసారీ పోశాను. అందుకు కారణం ఏమిటని నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఎదుటివాడు రాతివిగ్రహం మీద నూనె పోస్తే ఎందుకని అడగడానికి ఒక జీవితం ఖర్చు పెట్టినవాణ్ని.

మెకానిక్‌కు ఇదంతా చెప్పలేదు. నా ముఖం చూసి ఆయనకు ఏదో అర్థమైనట్టుంది. చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“సిస్టరమ్మనే మా బిడ్డకు కాన్పు జేసింది గీ దవాఖానల,” అన్నాడు. తరువాత గొంతు మార్చి, “నువ్వు బజారుకు పోయి కూరగాయలు తెస్తవ్. ఎన్నడన్న దీన్ని ఉరికిచ్చినవా? నూనె ఎక్కువ, ఉరుకుడు తక్కువ. గొంతు పూడకపోతె ఏమైతది?”

గొట్టాన్ని ఇటుకల మీద పెట్టి గ్యాస్ మంట పట్టాడు. జిడ్డు అంటుకుని ఎర్రగా, నల్లగా మండింది.

“నరకం లేదంటివి గద సార్. ఇగో, చూడు.”

“నరకమైతే కాల్చి ఊరుకుంటుంది. నువ్వు బాగుచేసి ఇస్తున్నావు,” అన్నాను.

“మాటకు మాట తయారుగ ఉంటది,” అని నవ్వాడు.

నేను ఆ మంట వైపే చూస్తూ నిలబడ్డాను. ఆమెకు మేము మంట పెట్టలేదు. అందుకు ఒక్కనాడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. కాని మంట ఆరేదాకా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. చల్లారిన గొట్టాన్ని ఆయన నేలకేసి కొడితే పెంకులు పెంకులుగా మసి రాలింది. తీగ బ్రష్షుతో తోమాక చిల్లులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

ట్యాంకులోని పెట్రోలు పారబోసి కొత్తది ఒక లీటరు పోశాడు. నూనె కలిపే పని నాకే వదిలాడు. ఒకటి, రెండు, మూడు. కప్పు నా చేతిలో ఉంది, సీసా మూత తీసే ఉంది. ఆయన చూడనట్టు అటు తిరిగి పానాలు సర్దుకుంటున్నాడు. నేను సీసాకు మూత పెట్టాను.

ఆ రోజు పొద్దున్నే బయలుదేరాను. నిర్మల్ దాకా బండి మామూలుగా పోయింది. ఘాట్ మొదలైంది. మొదటి మలుపు దాటింది. టేకుచెట్లు ఆకు రాల్చి నిలబడ్డ చోట దారి నిటారుగా లేస్తుంది. అక్కడ బండి గొంతు బరువెక్కింది. నా ఎడమ భుజం తనంతట తానే కొద్దిగా వెనక్కి జరిగింది, రెండు వేళ్ల కోసం. ఏమీ తగలలేదు. ఎంతసేపు ఎదురుచూశానో తెలియదు, బండి ఆగిపోయేంత దాకా వచ్చింది. అప్పుడు నేనే విన్నాను. గేరు దించాను. బండి ఒక్క ఊపున అందుకుని, మేము కొన్న ఏడాది చేసిన చప్పుడే చేస్తూ పైకి లేచింది. అద్దంలో చూస్తే వెనక పొగ లేదు. ఖాళీ సీటు, దాని వెనక రోడ్డు కనబడ్డాయి.

బోథ్ దవాఖాన ముందు బండి ఆపి కాసేపు నిలబడ్డాను. చేయవలసింది ఏమీ లేదు, ఏ ఏడూ ఉండదు. తిరిగి పోయేటప్పుడు బంకులో లీటరు పెట్రోలు పోయించుకున్నాను. జేబులోంచి కప్పు తీసి మూడు కొలతలు పోయడం బంకు పిల్లగాడు వింతగా చూశాడు.

“ఇంకో మూత పొయ్యి సార్. ఇంజన్ సల్లగుంటది.”

“ఎక్కువ పోస్తె జల్ది తగ్గుతదా?” అన్నాను. అది నా మాట కాదు, నా యాస కూడా కాదు.

“ఎవలు చెప్పిండ్రు సార్?”

“మా ఇంట్లామె,” అన్నాను. “నర్సు.”