పులిహోర డబ్బా, థర్టీ-థర్టీ తూటా

నిన్న నన్ను పోలీసులు ఆపారు. నవ్వకండి! ఒంటి మీద పట్టుచీర, చేతిలో పులిహోర డబ్బా, అయినా ఆపారు!

మా అమ్మాయి మేధకి లిటిల్ ఇండియాలో తెలుగు మాట్లాడే పోటీ. ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లినా ఔట్. ఆ రూలు పెట్టింది ఆదివారం తెలుగు క్లాసు టీచరు, అంటే నేనే. "అమ్మా, నా టర్న్‌కి నువ్వు ముందు వరసలో ఉండాలి లా, లేకపోతే మర్చిపోతా" అని, ఇక్కడి స్కూలు పిల్లల్లా మాటకో 'లా' తోక తగిలించి, దాని గోల. తండ్రీకూతుళ్లు ముందెళ్లారు. నేను పులిహోర కలుపుకుని సెరంగూన్ స్టేషన్‌లో ట్రైన్ ఎక్కా.

ఎక్కానో లేదో అమెరికా నుంచి మా తమ్ముడి ఫోను. ఫ్రెండ్స్‌తో వేటకి పోతున్నాడట. "అక్కా, బావనోసారి అడుగు. మా ఫ్రెండొకడు వాళ్ల తాతగారి లీవర్ యాక్షన్ రైఫిల్ ఇస్తానంటున్నాడు. పాతకాలం థర్టీ-థర్టీ తూటాలది. పెద్ద దుప్పికి సరిపోతుందా?"

బావనెందుకు అడగడం? మా ఆయన రోజూ టీవీలో ఆ వేట వీడియోలు పెడుతుంటే, బట్టలు మడతపెడుతూ చూసి చచ్చేది ఎవరు?

"సరిపోతుందిరా! కాకపోతే ఓల్డ్ కార్ట్రిడ్జ్. లాంగ్ డిస్టెన్స్ వద్దు. హండ్రెడ్ యార్డ్స్ లోపలికి పోయి, సైడ్ నుంచి హార్ట్‌కీ లంగ్స్‌కీ గురిపెట్టు. కరెక్ట్‌గా షూట్ చేస్తే ఒక్క బుల్లెట్‌కే దుప్పి పడిపోతుంది!"

చుట్టూ తెలుగువాళ్లెవరూ లేరు కదాని గట్టిగానే చెప్పా. పక్క సీటు ఆంటీ లేచి చరచరా అవతలికి వెళ్లిపోయింది. మంచి మనిషి, చోటిచ్చిందనుకుని ఆ సీట్లో డబ్బా పెట్టా!

లిటిల్ ఇండియాలో దిగగానే ఇద్దరు పోలీసులు. "మేడమ్, గన్ గురించి మాట్లాడింది మీరేనా?"

ఒళ్లు మండిపోయింది. "నేను మాట్లాడింది తెలుగులో! మీకెలా తెలుసు?" అని ఇంగ్లీషులో గయ్యిమన్నా.

ట్రైన్‌లో ఆంటీ ఫోన్ చేసి చెప్పినవన్నీ ఇద్దరిలో కుర్ర ఆఫీసరు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "కార్ట్రిడ్జ్. హండ్రెడ్ యార్డ్స్. హార్ట్. షూట్. బుల్లెట్."

అన్నీ ఇంగ్లీషే! నన్ను కాపాడాల్సిన మాట దుప్పి ఒక్కటే, దాన్ని మాత్రం శుభ్రంగా తెలుగులో ఏడ్చాను!

"దుప్పి సార్, దుప్పి!" అంటున్నానే గానీ, కార్ట్రిడ్జ్ తెలిసిన ఈ మహాతల్లికి దుప్పిని ఇంగ్లీషులో ఏమంటారో తట్టదే! తమ్ముడికి చేస్తే ఫోనెత్తడు, వెధవ. చివరికి రెండు చేతులూ నెత్తిన పెట్టి, వేళ్లు విప్పి, కొమ్ములు చూపించా. ప్లాట్‌ఫారమ్ మీద జనమంతా ఆగి చూస్తున్నారు.

"డీర్?" అన్నాడు.

"యెస్! డీర్! బ్రదర్! అమెరికా!"

అయినా హ్యాండ్‌బ్యాగంతా తిరగేశారు. డబ్బా మూత తీసి పులిహోర స్పూనుతో కెలికారు. పులిహోరలో తుపాకీ దాస్తారా అండీ ఎవరైనా? అందులో ఏముంది, జీడిపప్పు తప్ప! ఆఖరికి "ఓకే మేడమ్" అని పంపారు.

పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మేధ వంతు అయిపోయింది. ఫస్ట్ ప్రైజు కప్పు పట్టుకుని మూతి ముడుచుకు కూర్చుంది. ఖాళీ కుర్చీ చూస్తూ మాట్లాడిందట పిచ్చిది. జరిగిందంతా చెప్పి, ఆ ఆంటీని నాలుగు తిట్టా.

అది సాంతం విని, "అమ్మా, నువ్వు ఫుల్ తెలుగులో మాట్లాడుంటే ఆంటీకి ఏం అర్థమయ్యేది లా?" అంది.

పోటీలో పిల్లలెవరూ ఔట్ కాలేదట. రూలు పెట్టిన టీచరమ్మే ట్రైన్‌లో ఔట్!